నెలసరి ఆలస్యమైతే ఇంటర్నెట్‌లో ఏది నమ్మాలి? ఒక వైద్యురాలి సమాధానం

మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. మీ గదిలో ఉండే అమ్మాయికి నెలసరి పది రోజులు ఆలస్యమైంది, ఆమె యూట్యూబ్‌లో తెలుగు చిట్కాలు చూసి బొప్పాయి, నువ్వులు, బెల్లం తింటోంది, ఏం చేయాలి, పెళ్లికాని అమ్మాయిని ఆసుపత్రిలో చూస్తారా? తెలుగులో మంచి సమాచారమే లేదు, ఇలాంటి విషయాల్లో ఇంటర్నెట్‌లో ఏది నమ్మాలి, వెతికితే ఎవరికైనా తెలిసిపోతుందా? కడపలో ఇంటర్ చదువుతున్న తమ్ముడి ఫోనులో ఏవో చూసి ఇంట్లో గొడవ జరుగుతోంది, వాడికి ఏం చెప్పాలి? నేను స్త్రీ వ్యాధుల వైద్యురాలిని. బెంగళూరులో తెలుగువాళ్లు ఎక్కువగా వచ్చే చోట చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసేవాళ్లు, కట్టడం పనికి వచ్చిన రాయలసీమ కుటుంబాలు, ఐటీ ఉద్యోగులు అందరూ మీరు అడిగిన ప్రశ్నలతోనే వస్తారు. కాకపోతే చాలామంది ఆలస్యంగా వస్తారు.

ముందు మీ గదిలోని అమ్మాయి సంగతి. అది రేపటికి వాయిదా వేయదగినది కాదు. గర్భ నిర్ధారణ కిట్ ఏ మందుల దుకాణంలోనైనా దొరుకుతుంది, డాక్టరు చీటీ అక్కర్లేదు. ఉదయం లేవగానే వచ్చే మూత్రంతో పరీక్ష చేసుకోమనండి. నెలసరి రావలసిన రోజు దాటాక ఈ పరీక్ష చాలావరకు నమ్మదగినదే. రెండు గీతలు కనిపిస్తే, రెండోది ఎంత మసకగా ఉన్నా, గర్భం ఉన్నట్టే భావించి డాక్టరును కలవాలి. ఒకే గీత వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం తర్వాత మళ్లీ చేయాలి. అప్పుడూ లేదని వస్తే థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి క్రమం తప్పే అండాశయాల సమస్య), బరువులో మార్పు, ఒత్తిడి వంటి వేరే కారణాలు ఉండవచ్చు, వాటికీ వైద్యం ఉంది.

లెక్క విషయంలో చదువుకున్నవాళ్లు కూడా పొరబడతారు. గర్భం వయసును కలయిక జరిగిన రోజు నుంచి లెక్కించరు, చివరి నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కిస్తారు. రెండింటికీ సుమారు రెండు వారాల తేడా ఉంటుంది. మీ స్నేహితురాలికి 28 రోజులకోసారి క్రమంగా వస్తుందనుకుంటే, పది రోజులు ఆలస్యమంటే ఈ రోజుకు 38 రోజులు. అంటే ఐదు వారాల మూడు రోజులు. మాత్రలతో గర్భస్రావానికి మన దేశంలో అనుమతి ఉన్నది తొమ్మిది వారాల వరకు, అంటే 63 రోజులు. ఆమె చేతిలో ఇంకా 25 రోజులు ఉన్నాయి. బొప్పాయి తింటూ కూర్చుంటే తరిగిపోయేవి ఆ రోజులే. పండిన బొప్పాయి, నువ్వులు, బెల్లం, అనాసపండు గర్భాన్ని తీసేయవు, ఆగిన నెలసరిని రప్పించవు. ఒకవేళ ఆమె బిడ్డను ఉంచుకోవాలనుకున్నా తొందరగా తెలియడమే మేలు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టవలసిన సమయం ఇదే.

ఈ ఆలస్యం ఎలా జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. మదనపల్లె వైపు నుంచి వచ్చి గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి, ఎప్పుడు ఏం మింగావని నేను అడిగితే తేదీలు గుర్తులేక తన ఫోనే నా ముందు పెట్టింది. వెతికినవన్నీ వరసగా ఉన్నాయి. "పీరియడ్స్ త్వరగా రావాలంటే", "పీరియడ్స్ రావడానికి ఇంటి చిట్కాలు", "ఒక్క రోజులో పీరియడ్స్ రావాలంటే ఏం తినాలి". గర్భం అన్న మాట ఆ వరసలో ఒక్కచోట కూడా లేదు. ఆ మాట టైపు చేయడానికే భయపడింది. దాంతో ఫోను కూడా ఆమెకు చిట్కాలే చూపించింది. ఒక వీడియో అయిదు రోజులు కషాయం తాగమంది, ఇంకొకటి వారం రోజులు వాము నీళ్లు తాగమంది. అన్నిటి కింద "నాకు పనిచేసింది అక్కా" అన్న వ్యాఖ్యలు. చివరకు ఒక వీడియో కింద ఉన్న నంబరుకు సందేశం పెట్టి, ఎవరో పంపిన మాత్రలు పదకొండో వారంలో మింగింది. నా దగ్గరకు వచ్చేసరికి రక్తస్రావం ఆగడం లేదు, గర్భం పూర్తిగా పోలేదు, హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. రక్తం ఎక్కించి, మిగిలిన భాగాన్ని తొలగించాక గాని ఆమె ప్రాణం కుదుటపడలేదు.

ఆ అమ్మాయి తెలివితక్కువది కాదు. లైను సూపర్‌వైజరు లెక్క తప్పితే పట్టుకుని చూపించగలిగిన మనిషి. "పీరియడ్స్ రావాలంటే" అన్న చోట "గర్భ నిర్ధారణ పరీక్ష", "గర్భం ఎన్ని వారాలు ఎలా లెక్కించాలి", "గర్భస్రావం చట్టం" అని వెతికి ఉంటే ఆమెకు వేరే సమాచారం దొరికేది. అందుకే నా దగ్గరకు వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను, మనసులో ఉన్న అసలు ప్రశ్ననే టైపు చేయండి అని. లైంగిక ఆరోగ్యానికి సంబంధించిన సమాచారంలో చాలా వాటికి గడువు ఉంటుంది. సరైన సంగతి వారం ఆలస్యంగా తెలిస్తే ఒక్కోసారి అది పనికిరాదు. మనం సిగ్గుపడి పోగొట్టుకునే ఆ వారం మీదే చిట్కాలు అమ్మేవాళ్ల వ్యాపారం నడుస్తోంది.

ఆ గడువులు ఇక్కడే చెబుతాను. కండోమ్ చిరిగినా, మరే కారణంతోనైనా రక్షణ లేకుండా కలయిక జరిగినా అత్యవసర గర్భనిరోధక మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి. 72 గంటలున్నాయి కదా అని మూడో రోజు వరకు ఆగకూడదు, ఎంత ముందు వేసుకుంటే అంత బాగా పనిచేస్తుంది. ఇది అండం విడుదలను వాయిదా వేస్తుంది. అప్పటికే నిలిచిన గర్భాన్ని తీయదు, దానికి హానీ చేయదు. ఇది గర్భస్రావపు మాత్ర అని తెలుగులో ఎన్ని పేజీల్లో రాశారో లెక్కలేదు, అది పచ్చి అబద్ధం. 2005 నుంచి మన దేశంలో దీన్ని డాక్టరు చీటీ లేకుండానే అమ్మవచ్చు. బెంగళూరులో సులభంగానే దొరుకుతుంది. చెన్నైలో ఉన్న మన పిల్లలు మాత్రం చాలా దుకాణాల్లో లేదన్నారని నాకు ఫోను చేస్తుంటారు, అక్కడ నేరుగా డాక్టరు దగ్గరకు వెళ్లడమే మంచిది. మాత్ర వేసుకున్న మూడు వారాలకూ నెలసరి రాకపోతే గర్భ పరీక్ష చేసుకోవాలి. 72 గంటలు దాటిపోయినా అయిదు రోజుల్లోపు గర్భసంచిలో అమర్చే కాపర్-టీ వేయించుకోవచ్చు. అది మాత్ర కంటే బాగా పనిచేస్తుంది, తర్వాత ఏళ్ల తరబడి గర్భనిరోధకంగానూ ఉంటుంది. హెచ్ఐవీ సోకిందేమో అన్న అనుమానం ఉంటే నివారణ మందులు కూడా 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి, ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లి హెచ్ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడని అడగాలి. లైంగిక దాడి జరిగితే ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా, వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ముందు పోలీసు కేసు పెట్టి రండి అని తిప్పి పంపే హక్కు ఎవరికీ లేదు.

మందుల పెట్టెల మీద పేర్లు ఒకదానితో ఒకటి కలిసిపోయేలా ఉంటాయి. పెద్ద అక్షరాలు వదిలేసి కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. లీవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు అని ఒకే మాత్ర ఉంటే అది అత్యవసర గర్భనిరోధకం. మిఫెప్రిస్టోన్ ఒకటి, మిసోప్రోస్టాల్ నాలుగు ఉంటే అది గర్భస్రావానికి వాడే కిట్. ఈ రెండోదాన్ని డాక్టరు చూడకుండా వాడకూడదు. చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం. డాక్టరు చూడాలనడానికి ముఖ్యమైన కారణం, గర్భం గర్భసంచిలోనే ఉందా, పక్కన నాళంలో ఉందా అన్నది తేలాలి. నాళంలో ఉన్న గర్భం మీద ఆ మాత్రలు పనిచేయవు, నాళం పగిలితే గంటల్లో ప్రాణం మీదకు వస్తుంది. మాత్రలు వాడాక గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, తగ్గని జ్వరం వచ్చినా, కడుపులో ఒక పక్క పోటు వచ్చి కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ ఏం వేసుకున్నారో దాచకుండా చెప్పాలి.

పెళ్లికాని అమ్మాయిని ఆసుపత్రిలో చూస్తారా అని మీరు అడిగారు. చూడాలి, అది చట్టం. 1971 నాటి గర్భస్రావ చట్టాన్ని 2021లో సవరించారు, ఆ సెప్టెంబరు 24 నుంచి అది అమల్లో ఉంది. అంతకుముందు గర్భనిరోధకం విఫలమైందన్న కారణం పెళ్లైన స్త్రీకి, ఆమె భర్తకు మాత్రమే వర్తించేది. ఇప్పుడు ఏ స్త్రీకైనా, ఆమె భాగస్వామికైనా అని రాశారు. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో చేయవచ్చు. ఆ 24 వారాల విషయంలోనూ పెళ్లికాని వారిని వేరుచేయకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే కావాలి. భర్త సంతకం, తల్లిదండ్రుల సంతకం అడిగే ఆసుపత్రులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. అది వాళ్ల అలవాటు, చట్టంలో లేదు. అలా అడిగితే అక్కడ వాదించి రోజులు పోగొట్టుకోకుండా ఇంకో చోటికి వెళ్లండి. కోట దగ్గర వాణీ విలాస్, మల్లేశ్వరంలో కేసీ జనరల్, జయనగర్ జనరల్ వంటి ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. కన్నడం రాకపోయినా ఫర్వాలేదు, నర్సుల్లో తెలుగు తెలిసినవాళ్లు చాలాచోట్ల ఉంటారు, అడగండి. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు బయటపెట్టిన వైద్యుడికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు, ఇది కూడా 2021 సవరణలోనిదే.

పేజీ నమ్మదగినదా కాదా అని చూడటానికి ఈ చట్టాన్నే గీటురాయిగా వాడవచ్చు. గర్భస్రావం గురించి రాసిన పేజీలో 24 వారాల ప్రస్తావన లేకపోతే, పెళ్లైనవాళ్లకే అని ఉంటే అది 2021 కంటే ముందు రాసి వదిలేసినది. అలాంటి పేజీలో మిగతా వైద్య సంగతులు కూడా పాతవే అనుకోవచ్చు. తర్వాత పేజీ చివరకు వెళ్లండి. అక్కడ ఏదైనా అమ్మకానికి ఉంటే పైన రాసినదంతా ఆ అమ్మకం కోసమే. మంచి పేజీలో ఏ లక్షణం కనిపిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లాలో తప్పకుండా ఉంటుంది. చిట్కాల వీడియోలో అది ఉండదు, ఎందుకంటే మనిషి డాక్టరు దగ్గరకు వెళితే వీడియో చూసేవాళ్లు తగ్గుతారు. ఆన్‌లైన్‌లో మాట్లాడేది నిజంగా డాక్టరేనా అన్న అనుమానం వస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో ఇచ్చే చీటీ మీద ఆ నంబరు ఉండాలి. అడిగితే కోపం తెచ్చుకునేవాళ్లతో మాట్లాడకండి.

తెలుగులో మంచి సమాచారమే లేదన్న మీ బాధ నాకు అర్థమవుతుంది. ఉంది, చాలా తక్కువగా ఉంది. కేంద్ర ప్రభుత్వ సమాచార వెబ్‌సైటు వికాస్‌పీడియాలో తెలుగు ఆరోగ్య విభాగం ఉంది, మొదలుపెట్టడానికి బాగుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పేజీలు ఇంగ్లీషులో ఉన్నా భాష సరళంగానే ఉంటుంది. ఫోనులోని అనువాదంతో చదివితే అంకెలను మాత్రం మూలంలో ఒకసారి సరిచూసుకోండి, గంటలు రోజులైతే ప్రమాదం. ఇంగ్లీషు చదవగలిగిన మీలాంటివాళ్లకే ఇంత కష్టమైతే మిగతావాళ్ల సంగతి ఆలోచించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడామన్న స్త్రీలు 33 శాతం, పురుషులు 57 శాతం. నా దగ్గరకు వచ్చే కట్టడం పని ఆడవాళ్లలో చాలామందికి ఫోను భర్తదో కొడుకుదో. వాళ్లు ఆ ఫోనులో ఏం వెతకగలరు? అందుకే ఫోను చేసి అడిగే సదుపాయాలకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. కర్ణాటకలో 104 ఆరోగ్య సహాయవాణి ఉంది. హెచ్ఐవీ, సుఖవ్యాధుల అనుమానాలకు 1097 ఉచిత నంబరు, పేరు చెప్పనక్కర్లేదు.

వెతికితే ఎవరికైనా తెలుస్తుందా అంటే, కొంత తెలియవచ్చు. పీజీ వైఫై నడిపేవాళ్లు చూడాలనుకుంటే మీరు ఏ సైటుకు వెళ్లారో చూడగలరు, అందులో ఏం చదివారో సాధారణంగా చూడలేరు. సొంత డేటా వాడితే ఆ భయం ఉండదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇవి అసలు చూడకండి. ఇన్‌కాగ్నిటో కిటికీ మీ ఫోనులోని చరిత్రను మాత్రమే దాస్తుంది. చాలామంది గుట్టు బయటపడేది వెతకడం వల్ల కాదు, మందుల యాప్ నుంచి ఇంట్లో అందరూ చూసే నంబరుకు వచ్చిన సందేశం వల్ల, నాన్నగారి ఖాతాకు జోడించిన యూపీఐ చెల్లింపు వల్ల. నగదు ఇచ్చి కొనండి. నెలసరి తేదీలు రాసుకునే యాప్‌లు ఉపయోగకరమే, అయినా ఫ్లో అనే పేరున్న యాప్, తనను వాడేవారి వివరాలను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు చేరవేసిందన్న ఆరోపణ మీద 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీ కుదుర్చుకోవలసి వచ్చింది. గోడ మీద క్యాలెండర్‌లో చుక్క పెట్టుకుంటే ఏ సంస్థకూ చేరదు.

ఇలాంటివి చదివితే కేసు పెడతారేమో అన్న భయం కూడా కొందరికి ఉంది. కడుపులో ఉన్నది ఆడా మగా అని వెతికితే చట్టం పేరు చెప్పి హెచ్చరిక కనిపించడం వల్ల ఈ భయం పుట్టింది. 1994 లింగ నిర్ధారణ నిషేధ చట్టం అలాంటి ప్రకటనలను నిషేధిస్తుంది, సుప్రీంకోర్టు గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూలను ఆపమన్నది కూడా ఆ ప్రకటనలనే. గర్భం గురించి, గర్భనిరోధకాల గురించి, గర్భస్రావం గురించి చదువుకోవడం నేరం కాదు. ఐటీ చట్టంలో అశ్లీలతపై ఉన్న సెక్షన్లు కూడా శాస్త్రం, విద్య కోసం ప్రజాహితంగా ప్రచురించినదాన్ని మినహాయించాయి.

ఇక మీ తమ్ముడు. ఫోను లాక్కోవద్దని మీ నాన్నగారికి నచ్చజెప్పండి. లాక్కుంటే వాడు స్నేహితుడి ఫోనులో చూస్తాడు, అడగడం మాత్రం పూర్తిగా మానేస్తాడు. ఆ వయసు మగపిల్లల్ని వేధించే భయాలు దాదాపు ఒకటే రకం. స్వప్నస్ఖలనం జబ్బని, హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడతాయని, ఒక చుక్క వీర్యానికి వంద చుక్కల రక్తం ఖర్చవుతుందని. వీటిలో ఒక్కటీ నిజం కాదు. ఒకప్పుడు రైలు పట్టాల పక్కన గోడల మీద కనిపించిన గుప్తరోగాల ప్రకటనలే ఇప్పుడు వాడి ఫోనులో కనిపిస్తున్నాయి. లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954లోనే చట్టం నిషేధించింది. నెలసరి దోషాలు సరిచేస్తామని, గర్భం పోగొడతామని ప్రకటించడం కూడా అదే చట్టం కింద నేరమే. అమలు చేసే అధికారులకు ఆ చట్టం ఎందుకు గుర్తుకు రాదో నాకు అంతుపట్టదు. ఆ ప్రకటనలు నమ్మి వేలకు వేలు పోసి పొడులు మింగి, కాలేయం పాడై ఆసుపత్రిలో చేరిన కుర్రాళ్లు ఉన్నారు.

మన భాషలో ఈ విషయాలు మర్యాదగా చెప్పలేమని అనుకునేవాళ్లకు నేను ఒకటే గుర్తుచేస్తాను. విజయవాడ డాక్టర్ గోపరాజు సమరం గారు ఏళ్ల తరబడి తెలుగు పత్రికల్లో పాఠకుల ప్రశ్నలకు తడుముకోకుండా జవాబులు రాశారు. మా ఇంట్లో పెద్దవాళ్లు ఆ పేజీ తిప్పేసినట్టు నటించి తర్వాత చదివేవారు. ఫోను వచ్చాక ఆ తరహా సమాధానం దొరకడం కష్టమైపోయింది, అశ్లీల చిత్రాలు మాత్రం నిమిషంలో దొరుకుతున్నాయి. ఆ చిత్రాల్లో ఎదుటి మనిషి ఒప్పుకోలు ఉండదు, జాగ్రత్తలు ఉండవు, మామూలు శరీరాలు ఉండవు. మీ తమ్ముడికి చెప్పవలసింది ముందు ఇదే. అక్కగా మీకు మొహమాటంగా ఉంటే మామయ్య చేతనో బాబాయి చేతనో చెప్పించండి.

ఇంకొకటి, నగ్నంగా వీడియో కాల్ చేసి, రికార్డు చేసి, డబ్బు పంపకపోతే మీవాళ్లందరికీ పంపుతామని బెదిరించే ముఠాలు ఈ వయసు పిల్లలనే ఎంచుకుంటున్నాయి. అలా జరిగితే ఒక్క రూపాయి కూడా పంపవద్దని, ఏ వేళైనా సరే మీకు ఫోను చేయమని, మీరు తిట్టరని ఇప్పుడే మాట ఇవ్వండి. ఫిర్యాదుకు సైబర్ నేరాల నంబరు 1930, పిల్లలకు సహాయవాణి 1098 ఉన్నాయి. శరీరం గురించి వాడికి అనుమానాలు ఉంటే 2014లో మొదలైన కేంద్ర కిశోర ఆరోగ్య పథకం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీనేజీ పిల్లల కోసం క్లినిక్‌లు నడుస్తున్నాయి, బెంగళూరులో వాటిని స్నేహ క్లినిక్‌లు అంటారు. కడపలో ప్రభుత్వాసుపత్రి ఓపీలో అడిగితే దారి చూపిస్తారు. మగ కౌన్సెలర్ కావాలని అడగమనండి, ఆ మాట అడగవచ్చని చాలామంది పిల్లలకు తెలియదు.